వాలుపీట అడుగు

మా ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా కాసేపటికి వాళ్ళ చెయ్యి బల్ల కిందికి వెళ్తుంది. ఏ ఇంట్లో బల్లైనా అడుగున గరుకుగానే ఉంటుంది, తడిమితే పుల్లలు గుచ్చుకుంటాయి. మా బల్ల అడుగు మాత్రం అద్దంలా జారుతుంది. కుర్చీల అడుగులూ, పీటల అడుగులూ, బీరువా వీపూ, ఆఖరికి సొరుగుల లోపలివైపూ అంతే. మా ఆయన వడ్రంగి. ఈమధ్య ఆయన ఎవరికి ఏం చేసిచ్చినా ఇదే వరస. పక్కవీధి టైలరైతే మొహమ్మీదే అడిగేశాడు, "మేస్త్రీగారూ, బల్ల తిరగేసుకుని తినమంటారా ఏంటి మమ్మల్ని?" అని. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు నోటి దాకా వచ్చింది గానీ కళ్ళ దాకా రాలేదు.

ముందు ఇలా ఉండేవారు కాదు. కనపడే వైపు మూడు పూతలు పాలిష్ వేసి, అడుగు భాగం ఉత్తి చెక్కగా వదిలేసేవారు. పని నేర్పినాయన అలాగే నేర్పాడు. వడ్రంగం చేసేవాళ్ళందరూ అంతే, అందులో తప్పూ లేదు. ఇంట్లో ఉండే బల్లని ఎవరు తిరగేసి చూస్తారు, అదేమైనా వానలో నిలబడుతుందా?

పని మీద ఆయనకి గర్వం ఉండేది. లేదంటే అబద్ధం. దుకాణంలో కొన్న వస్తువు దేన్నీ ఒప్పుకునేవారు కాదు. ఎవరింటికైనా వెళ్తే వేసిన కుర్చీలో కూర్చోకుండా ముందు దాన్ని అటూ ఇటూ ఊపి చూసేవారు. అది కాస్త కదిలిందంటే చాలు, "ఇది కుర్చీ కాదమ్మా, ఊయల" అనేవారు ఇంటావిడతో. నాకు తల కొట్టేసినట్టుండేది. నేను ఎప్పట్లాగే మాట్లాడకుండా కూర్చునేదాన్ని.

ఇక మా తమ్ముడు. వాడికి కరెంటాఫీసులో మీటర్లు చూసే ఉద్యోగం. పగలంతా గోడల మీద మీటర్ల కేసి చూసేవాడు, పొద్దు గూకితే ఆకాశం కేసి. "నీ మెడ కిందికి దిగదురా" అనేదాన్ని. ఇంట్లో అందరం వాణ్ణి చుక్కల్రాయుడనే పిలిచేవాళ్ళం. బావా బావమరుదులకి ఒకరంటే ఒకరికి ప్రాణం, మాటలు వింటే మాత్రం కొట్టుకుంటున్నారనుకోవాలి.

వాడు కెమెరాతో చుక్కల ఫొటోలు తీసేవాడు. చుక్కలు ఒకచోట ఉండవు కదా, మెల్లగా జరుగుతుంటాయి. కెమెరా కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్క కాస్తా గీతగా సాగిపోతుంది. అలా సాగకుండా, చుక్కలతో పాటే కెమెరాని మెల్లగా తిప్పే చిన్న మోటారు పెట్టె ఒకటుంటుంది, ట్రాకరంటారు. ఆ పెట్టె ఇరుసు సూటిగా ధ్రువ నక్షత్రం వైపు చూడాలి. మేముండే చోటు నుంచి ధ్రువ నక్షత్రం బాగా కిందకే కనిపిస్తుంది, దానికి తగ్గట్టు పెట్టె వాలి కూర్చోవాలి. అలా కూర్చోబెట్టడానికి కెమెరా స్టాండుకీ పెట్టెకీ మధ్య ఒక పీట లాంటిది బిగిస్తారు. దుకాణంలో దాన్ని వెడ్జ్ అంటారు. మేం వాలుపీట అనేవాళ్ళం.

తమ్ముడు ట్రాకరైతే కొనుక్కున్నాడు గానీ పీట దగ్గర ఆగిపోయాడు. రెండు రకాలు అరువు తెచ్చి, ఏది మంచిదో చెప్పమని బావ ముందు పెట్టాడు. ఒకటి తేలికైంది, ఇంకొకటి బరువైన లోహంది. ఈయన రెండిటి మరలూ తిప్పి చూసి, తేలికదాన్ని చెవి దగ్గర ఆడించి, ముసలాడి పళ్ళలా కదులుతోందేంట్రా ఇది అన్నారు. బరువుదాన్ని చూసి, ఇంత ఇనుము మోస్తూ మేడలెక్కుతావా అన్నారు. తర్వాత టేకు ముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నారు. అప్పుడే నాకర్థమైంది.

"బావా, లోహందే తీసుకుందామనుకున్నా," అన్నాడు వాడు నసుగుతూ.

"నేను బతికుండగా నువ్వు పీట కొనుక్కుంటావట్రా," అన్నారీయన.

ఆ మాట తర్వాత వాడేం అంటాడు? ఈయన చేసిన పీట నిజంగా చూడముచ్చటగా ఉండేది. అంచులు గుండ్రంగా తీసి, ఇత్తడి మరలు కూర్చి, పైనా పక్కలా మూడు పూతల పాలిష్ వేశారు. వాడు దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఆ ఏడే తోకచుక్క వచ్చింది. పొద్దు గూకాక పడమట కాసేపు కనిపించి దిగిపోతుందట. మళ్ళీ రావాలంటే ఎన్ని తరాలో పడుతుందన్నాడు తమ్ముడు. సెలవు పెట్టి, అన్నీ బిగించుకుని వాళ్ళింటి మేడ మీద రేకుల గదిలో కూర్చున్నాడు. ఆకాశం నిండా మబ్బే. ఒకటే ముసురు. వాడు కిందికీ పైకీ తిరుగుతూ తిండి మానేశాడు. ఎట్టకేలకి ఒక్క సాయంత్రం తెరిపిచ్చింది. స్టాండుని ఎత్తి ఆరుబయట పెట్టి, కనిపించినంతసేపూ తీశాడు. మళ్ళీ మూసుకుపోయింది. ఇక దొరకలేదు.

మర్నాడు ఆ ఫొటోలు కంప్యూటర్లో పెద్దవి చేసి చూపించాడు. ప్రతి చుక్కా కత్తిరించి పారేసిన దారప్పోగులా ఉంది. తోకచుక్క తోక ఉన్నట్టే ఉంది, తల మాత్రం పక్కకి సాగిపోయింది. "గాలికి కదిలిందేమో బావా. లేకపోతే నేనే సరిగ్గా బిగించలేదు," అన్నాడు. ఈయన మరలు విప్పి పీటని ఊడదీశారు. పీట ఓసారి చూసిస్తానని ఇంటికి తెచ్చుకున్నారు.

ఆ రోజు నేను వసారాలో బట్టలారేస్తున్నాను. పని బల్ల మీద మట్టం చూసుకోవడానికి దళసరి అద్దం పలక ఒకటుంటుంది. దాని మీద పీట పెట్టి ఒక మూల వేలితో నొక్కారు. టక్ మంది. ఎదురు మూల నొక్కారు. మళ్ళీ టక్ మంది. ఏంటండీ అదంటే ఏం లేదన్నారు. పీట తిరగేసి అడుగు వైపు చిత్రిక పట్టి, మర్నాడు వాడికి ఇచ్చేశారు. ఏం చూశారో, ఏం చేశారో చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఆ తర్వాత ఎంతో కాలం గడవలేదు. ఒక పొద్దున మీటర్లు చూడ్డానికి వెళ్ళినవాడు, ఎవరింటి ముందో మెట్ల మీద ఆయాసంగా ఉందని కూర్చుని మరి లేవలేదు. మంచినీళ్ళు తెచ్చేలోపే అయిపోయిందని ఆ ఇంటివాళ్ళు చెప్పారు. వాణ్ణి ఎత్తుకు తిరిగిన చేతులివి. అంతకంటే రాయలేను.

అప్పట్నుంచీ ఈయన బల్లల అడుగులకి పాలిష్ వెయ్యడం మొదలుపెట్టారు. ఊరికే కూర్చోలేక చేస్తున్నారనుకున్నాను. నా దుఃఖం పొయ్యి దగ్గర, ఆయన దుఃఖం పని బల్ల దగ్గర అనుకుని వదిలేశాను.

మొన్న చలికాలంలో మా మరదలు, అంటే తమ్ముడి భార్య, కెమెరా సంచీతో వచ్చింది. కృత్తికల ఫొటో తీసి గోడకి పెడతానని వాడు తనకి మాటిచ్చాడట. ఇప్పుడు తనే తీసుకుంటుందట. పక్కన నిలబడి చూసి, పీట బిగించడం తప్ప అన్నీ నేర్చుకుందట. సంచీలోంచి ఆ టేకు పీట తీసి, "అన్నయ్యా, దీన్ని ఎలా బిగించాలో ఒక్కసారి చూపించండి చాలు," అంది.

ఈయన ఆ పీటని అందుకోలేదు. "అది వద్దమ్మా, కొత్తది కొందాం," అన్నారు. దుకాణం వస్తువుని ఆయన నోటితో ఆయనే కొందామనడం నేను వినడం అదే మొదలు. గుర్తుగా దాచుకోమంటున్నారని మరదలు అనుకుంది. నేనూ అదే అనుకున్నాను. ముగ్గురం కెమెరా దుకాణానికి వెళ్ళాం.

అక్కడున్న అమ్మాయి మూడు రకాలు తీసి గాజు బల్ల మీద పెట్టింది. ఈయన అదివరకటిలా ఎగతాళి చెయ్యలేదు. ఒక్కోదాన్నీ స్టాండుకి బిగించి, పైన ట్రాకరూ కెమెరా ఎక్కించి, ట్రాకర్లోని చూపు గొట్టంలోంచి ఎదుటి గోడ మీద ఆగిపోయిన గడియారం ముల్లుకి గురి పెట్టారు. గురి కుదిరాక మర గట్టిగా బిగించి మళ్ళీ చూశారు. మొదటిది చేతికి తేలిగ్గా, ముద్దుగా ఉంది. కానీ బిగించేసరికి ముల్లు పక్కకి జరిగిపోయింది. రెండోది రాయిలా కదల్లేదు గానీ మాకు కావలసినంత కిందికి వాలనే లేదు. ధ్రువ నక్షత్రం ఎత్తుగా కనిపించే చోట్ల కోసం చేసిందట అది. మూడోది మొరటుగా ఉంది. ఉలితో చెక్కి వదిలేసినట్టుంది. అదే కావలసినంత వాలింది. మర బిగించినా ముల్లు గురి తప్పలేదు.

"ఇది తీసుకోమ్మా," అన్నారు.

మరదలు దాన్ని ఎత్తి చూసి, చాలా బరువుందంది. మేడ మీదికి మొయ్యాలి కదా, తనకి మోకాళ్ళ నొప్పులు. "మీ పీటైతే పువ్వులా ఉంటుంది అన్నయ్యా. ఆయన ఎప్పుడూ అదే చెప్పేవారు. నాకదే చాలు, ఇదంతా ఎందుకు?" అని మా ఆయన చేతిలోంచి ట్రాకరు తీసుకోబోయింది.

అప్పుడు చెప్పారు. ఆ దుకాణంలో, ఆ అమ్మాయి ముందే.

"తోకచుక్క ఫొటో పాడయింది గాలి వల్ల కాదమ్మా. నా పీట వల్ల. పైన పాలిష్ వేశాను, అడుగు ఉత్తిగా వదిలేశాను, బల్లలకి వదిలేసినట్టే. ఆ ముసురుకి అడుగు తేమ పీల్చుకుంది. పీట వంకర తిరిగి, స్టాండు మీద ఊగింది. అద్దం మీద పెట్టి చూశాను. టక్కుటక్కుమంది. నాకు తెలుసు. వాడికి చెప్పలేదు."

మరదలు సంచీలోంచి పీట తీసి తిరగేసింది. ఆ ఉత్తి చెక్క మీద అరచెయ్యి ఆనించింది.

"ఆయన తన చేతులు వణుకుతున్నాయనుకున్నారు అన్నయ్యా," అంది మెల్లగా. "బిగించేటప్పుడు చెయ్యి వణికి ఉంటుందని. డాక్టరుకి చేతులు చూపించుకుని కూడా వచ్చారు. ఏం లేదన్నా నమ్మలేదు. ఆ తర్వాత కెమెరా ముట్టుకోలేదు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదేమో. ఈయన గాజు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు. దుకాణం అమ్మాయి ఏం చెయ్యాలో తెలియక కెమెరాల మూతలన్నీ వరసగా పెట్టుకుంటోంది. మరదలు మొరటు పీటే కట్టివ్వమంది. టేకు పీటని బల్ల మీద ఈయన చేతి పక్కన పెట్టి బయటికి నడిచింది.

ఇంటికొచ్చే దారంతా ఈయన ఆ పీటని చొక్కా కింద దాచుకున్నట్టు పట్టుకుని నడిచారు. మలుపు దగ్గర ఆగి, "నువ్వేం అనవా?" అని అడిగారు.

ఇన్నేళ్ళ కాపురంలో నన్నలా అడగడం అదే మొదటిసారి. ఏం పరవాలేదండీ అందామనే నోరు తెరిచాను. రాలేదు.

"అప్పుడే వాడికి చెప్పుంటే నవ్వేసేవాడండీ," అన్నాను. "ఊయల చేశావా బావా అని నెల రోజులు ఏడిపించి ఊరుకునేవాడు. ఇప్పుడు నాకు చెప్పారు. నాకు నవ్వు రావడం లేదు."

ఆయన తలూపారు. ఇద్దరం నడిచాం. ఇల్లు చేరాక అన్నం పెట్టాను, తిన్నారు. కూర కొంచెం వెయ్యనా అంటే వెయ్యమన్నారు. అంతకు మించి ఏం చెయ్యాలో మాకు తెలియలేదు.

మరదలు చాలా రోజులు మా గడప తొక్కలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం తలుపు కొట్టి, కవరొకటి నా చేతిలో పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా, బస్సుందని వెళ్ళిపోయింది. లోపల కృత్తికల ఫొటో. నీలంగా, ఎవరో దోసిలితో చల్లినట్టు చుక్కలు. ఈయన వసారాలో వెలుతురుకి పట్టుకుని, సన్నపని చేసేటప్పుడు వాడే భూతద్దంతో ఆ మూల నుంచి ఈ మూల దాకా వెతికారు. ఒక్కటీ సాగలేదు. అన్నీ గుండ్రంగా ఉన్నాయి. సాగిన చుక్క ఒక్కటైనా దొరికితే కాస్త ఊరట కలిగేదేమో ఆయనకి. భూతద్దం నా చేతికిచ్చి, చేస్తున్న ముక్కాలిపీట తిరగేసుకుని అడుగుకి రెండో పూత మొదలుపెట్టారు.

టేకు పీట ఇప్పుడు మా అలమరలో ఉంది. ఇంట్లో అన్నిటి అడుగులూ మెరుస్తాయి, దానిది తప్ప. నేను అలమర తుడిచినప్పుడల్లా దాన్ని ఎత్తి, కిందంతా తుడిచి, మళ్ళీ అక్కడే పెడతాను. అప్పుడు చిత్రిక పట్టినా మళ్ళీ తేమ పీల్చి వంగిందేమో, ఒక మూల కొంచెం లేచి ఉంటుంది. నా చెయ్యి తగిలితే టక్ మంటుంది. వసారాలో ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ పనిలో పడుతుంది.