సంకల్పంలో చదవని పేరు

గర్భరక్ష కోరే మంత్రాలు నిత్యం వినబడే ఇల్లది. ఆ ఇంటి కోడలు, ఉంగుటూరు పురోహితుడు ఫణికుమార్ భార్య నాగశ్రీకి మాత్రం మూడు గర్భాలు నిలవలేదు. మూడూ నాలుగో నెల రాకముందే జారిపోయాయి. ఊరందరికీ సీమంతాలు చేయించే వారింట ఈ లోటేమిటని జనం గుసగుసలాడారు. అత్తగారు చాముండేశ్వరి కారణం కూడా కనిపెట్టింది. నాగశ్రీ పదో తరగతిలో ఉండగా, కలిదిండిలో ఆమె తండ్రి తన పొలాన్ని చేపల చెరువుగా తవ్విస్తూ పాముపుట్టను పొక్లెయిన్‌తో పెళ్లగింపజేశాడు. ఆ సర్పదోషమే కోడలిని పీడిస్తోందని ఆమె నిశ్చయం.

నాగశ్రీ ఏలూరు వెళ్లి డాక్టర్ షాయిస్తాకు చూపించుకుంది. త్రీడీ స్కాన్‌లో గర్భాశయం నడుమ నిలువుగా ఒక కండపొర కనిపించింది.

"చెరువు మధ్యలో గట్టు వేసినట్టుందమ్మా," అన్నది డాక్టరు. "మీరు మీ అమ్మగారి కడుపులో ఉన్నప్పుడే ఏర్పడింది. పొట్ట కోయకుండా, కింది దారినుంచే సన్నని గొట్టం పంపి తీసేయవచ్చు. ఆపైన గర్భం తప్పక నిలుస్తుందని మాట ఇవ్వలేను. ఈ విషయంలో వైద్యులకే ఏకాభిప్రాయం లేదు."

"మాట వద్దండి. గోడ తీయండి, చాలు."

నెలసరి ముగియగానే చేయాలన్నారు. అలా ఖరారైన రోజునే చాముండేశ్వరి సర్పశాంతికి ముహూర్తం పెట్టించింది.

"ఆపరేషన్ వచ్చే నెల చేయించుకోవచ్చుగా! ముందు శాంతి."

"ఆ గోడ నేను పుట్టకముందే లేచింది అత్తయ్యగారూ. పుట్ట తవ్వింది నేను పదిలో ఉండగా. శాపం వెనక్కి నడుస్తుందా అండీ?"

"కడుపు నిలవకపోయినా నోరు బాగా నిలిచిందే నీకు!"

నాగశ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి. తల మాత్రం వంచలేదు. "నాగదేవతకు మొక్కుకుని మా అమ్మ పెట్టిన పేరు నాది. కన్ను తెరవని పసికందుల మీద ఆవిడ పగబట్టిందంటే నేను నమ్మను. ఆ పీట మీద కూర్చుంటే, ముగ్గురినీ నేనే పోగొట్టుకున్నానని ఒప్పుకున్నట్టు. కూర్చోను."

సర్పాన్ని దైవంగా కొలిచినది మన ధర్మం. ఆ దైవానికి పగను అంటగట్టినది మన భయం. ఫణికుమార్‌కు ఆ భేదం తెలుసు, తల్లి మనసూ తెలుసు. చివరికి తన బదులు తోటి పురోహితుడు సోమసుందరంగారిని పిలుచుకోమని తల్లికి చెప్పి, భార్యతో కలిసి ఏలూరు బస్సెక్కాడు.

ఆపరేషన్ థియేటర్ బయట నాగశ్రీ గాజులు తీసి భర్త చేతికిస్తుండగా అతని ఫోను మోగింది. అవతల సోమసుందరం.

"సంకల్పం దగ్గర ఆగాను నాయనా. దోషనివృత్తి ఎవరి పేరున చెప్పను? అమ్మాయి పేరేనా?"

ఫణికుమార్ భార్య వైపు చూశాడు. ఆమె ఫోను అందుకుంది.

"నా పేరు చదవకండి బాబాయిగారూ."

"పేరు లేకుండా సంకల్పం ఎలాగమ్మా? మరి ఎవరిది చదవమంటావు?"

"దోషం ఉందన్నవారిది."

సోమసుందరం ఆ మాటే పక్కనున్నవారికి అప్పజెప్పాడు. తరువాత చాముండేశ్వరి గొంతు వినిపించింది. "కానివ్వండి సోమసుందరంగారూ, నా పేరే చదవండి. ఆవిడగారు అక్కడ కోయించుకుంటుంది, నేనిక్కడ కూర్చుంటాను."

"అలాగే కూర్చోండి అత్తయ్యగారూ," అని నాగశ్రీ ఫోను భర్తకిచ్చింది. నర్సు చక్రాల కుర్చీ ముందుకు తోసింది.

"వద్దండి, నడిచే వస్తాను," అని నాగశ్రీ తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.