కవర్లో పొడి, గుమ్మంలో అత్తమ్మ

మంగళవారం పొద్దున పదిన్నరకు చాయ్ తాగి, చొక్కా మార్చుకుని, రోగి వేషం వేయడానికి బయల్దేరాను. రెండు గంటల్లో ఆ వేషం ఎట్లా చెడిందో చూడండి.

జనగామలో ఒక ప్రైవేటు దవాఖాన. పేరెందుకు లెండి. ఎవరైనా రోగక్రిముల పొడిని కావాలని కవర్లో పెట్టి పంపితే ఎమర్జెన్సీ వార్డు ఎట్లా తట్టుకుంటుందో చూసే మాక్ డ్రిల్ అది. తనిఖీకి హైదరాబాద్ నుంచి ఇద్దరు వచ్చారు. కవరు విప్పిన మనిషిగా ఉండమని అక్కడి డాక్టరమ్మ నన్ను అడిగింది. రిటైరైన విలేకరిని, ఖాళీగానే ఉన్నాను. పొడి అంటే బియ్యం పిండే.

ఎమర్జెన్సీ గుమ్మం దగ్గర సెక్యూరిటీ సాయిలు అడ్డంగా తాడు కడుతున్నాడు. "సార్, ఒక్క మనిషి లోపలికొచ్చినా నన్ను తీసేస్తమన్నరు. మీ తరఫున ఎవ్వలూ రారు గద?"

"నా కోసం ఎవరొస్తరు సాయిలూ" అన్నాను.

అని, స్ట్రెచర్ ఎక్కే ముందు కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక ముక్క పెట్టాను. పత్రికల్లో పాతుకుపోయిన అలవాటు: ముందు హెడ్డింగు, తర్వాత వివరం. 'విషపు పొడి పడి ఎమర్జెన్సీలో చేరిక. వివరాలు కాసేపట్లో.' ఆ వివరాలు టైప్ చేస్తుండగానే నర్సు ఫోన్ లాక్కుని ప్లాస్టిక్ సంచిలో వేసి సీల్ చేసింది. రూలు ప్రకారం దానికీ రోగం అంటుకుందట.

గంట దాటాక స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. నిండా మా అత్తగారి తరఫు వాళ్లు. అందరికంటే ముందు అత్తమ్మ, చేతిలో బ్రెడ్డు ప్యాకెట్లు.

"ఉత్తుత్తి డ్రిల్లు అవ్వా. ఆయనకేం కాలే" అని సాయిలు బతిమాలాడు.

"గిట్లనే అంటరు. మా బావ పోయిననాడు గూడ పండుకున్నడనే అన్నరు. జరుగు."

"జరిగితే నా నౌకరి పోతది."

"నౌకరి ఇంకోటి దొరుకుతది. అల్లుడు దొరుకుతడా?"

సాయిలు చేతులు చాచి నిలబడ్డాడు, కదల్లేదు. అత్తమ్మ అక్కడే కూలబడి నా గుణగణాలు చెప్తూ రాగం అందుకుంది. పెళ్లయిన నాటి నుంచి వాటిలో ఒక్కటీ ఆమె నోట నేను వినలేదు. ఇక ఉండలేకపోయాను. లేచి, తాడు కింది నుంచి దూరి, "అత్తమ్మా, నేను మంచిగనే ఉన్న" అంటూ ఆమె చేతులు పట్టుకున్నాను. వచ్చినవాళ్లంతా నన్ను తడిమి తడిమి చూశారు. తనిఖీవాళ్లు ఏదో రాసుకున్నారు. సాయిలు తాడు పట్టుకుని వాళ్ల కలం వైపే చూస్తున్నాడు.

నాలుగు రోజులకు డాక్టరమ్మ ఫోన్ చేసి రిపోర్టు సంగతి చెప్పింది. ఒక్కరినీ లోపలికి వదలనందుకు సాయిలుకు మెప్పు; నౌకరికి ఢోకా లేదు. ఆటో నిండా జనానికి రోగం అంటించి స్టేషన్ ఘన్‌పూర్ పంపింది మాత్రం నేనేనట. ఇకమీదట తాడుకు లోపలి వైపు కూడా ఒక కాపలా మనిషిని పెట్టాలని సూచించారు.