మేనత్త అమ్మని కళ్ళం

మొన్న నా ఫోన్‌కి దువ్వాడలో కడుతున్న అపార్ట్‌మెంట్ల ప్రకటన వచ్చింది. సిటౌట్, యుటిలిటీ, లాన్. వసారాని సిటౌట్ అంటే చదరపు అడుక్కి ఎంత రేటు పెరుగుతుందో అని నవ్వుకుంటూ చూస్తున్నాను. లాన్ అని ఆకుపచ్చగా చూపించిన చోటు గుర్తుపట్టగానే నవ్వు ఆగిపోయింది. అది మా మేనత్తవాళ్ళ కళ్ళం.

స్థలానికి మా వైపు మాటల కొదవ లేదు. జాగా ఉర్దూ నుంచి వచ్చింది, దాన్ని రాసే దస్తావేజు పారసీది, సైటు ఇంగ్లీషువాళ్ళు వదిలి వెళ్ళింది. కళ్ళం మాత్రం మనింటిది, తమిళుల కళానికి చుట్టం. వరి నూర్చే ఆ నేల మేనత్తకీ, ఆవిడ మరుదులిద్దరికీ ఉమ్మడి. దానికి కాగితమంటూ లేదు. కళ్ళం అంటే ఉమ్మడిదేనని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ రాయించుకోలేదు.

పిల్లల్లేని మేనత్తకి మోకాళ్ళు అరిగిపోయాయి. ఇల్లు అమ్మేసి, గోపాలపట్నంలో మెట్లు లేని రెండు గదులు కొనుక్కుందామని బేరం కుదుర్చుకుంది. రిజిస్ట్రేషన్ రోజున దస్తావేజు చదివి వినిపించే పని, చదువుకున్నవాణ్ణని నాకు అప్పగించారు. గడగడా చదివేశాను. ఆవిడ బొటనవేలికి సిరా అంటించారు. వేలు కాగితం దాకా వచ్చి ఆగింది.

"ఇంటెనకాల ఏటని రాసినార్రా?"

"ఖాళీ స్థలం అని, ఇంటితో కలిపి," అన్నాను.

"కల్లం అని రాయించు. ఖాళీ అంటే కొన్న ఈయనదైపోద్ది. కల్లం అంటే ముగ్గురిదీ."

కొనేవాడు లేచి నిలబడ్డాడు. అలా అయితే తనకీ బేరం అక్కర్లేదన్నాడు. "ఇప్పుడు నూర్పులెక్కడున్నాయి మామ్మా, ఏలెట్టీ," అని బ్రోకరు బతిమాలాడు. నాకు, నిజం చెప్పొద్దూ, కోపం వచ్చింది, అదీ ఆవిడ మీదే. మేనత్త సిరా కొంగుకి తుడుచుకుని, "నాను ఎట్టను. పదరా," అంది.

గోపాలపట్నం ఇల్లు చేజారిపోయింది. ఆ తర్వాత నాలుగేళ్ళపాటు పాత ఇంటి మెట్లు కూర్చుని దిగింది, కూర్చుని ఎక్కింది. చివరికి ఆ ఇల్లు నా పేర రాసి కన్నుమూసింది.

దాన్ని అమ్మింది నేనే. కొత్త దస్తావేజులోనూ ఖాళీ స్థలం అనే ఉంది. ఈసారి చూశాను. చూసే సంతకం పెట్టాను. ప్రహరీ లేచాక మేనత్త చిన్న మరిది కొడుకు వచ్చి, "మా కల్లం ఏటయింది బావా?" అన్నాడు. కాగితంలో లేదు కదా అన్నాను. అతను బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఈ ముక్క రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

కాలం ఎవరి చేతా బలవంతంగా వేలు పెట్టించదు. పెట్టనన్నవాళ్ళు పోయేదాకా ఊరికే కూర్చుంటుంది.