హుయేలో గంజి కాచిన మనిషి

మా ఆయన జమ్మలమడుగులో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ప్రొద్దుటూరు నుంచి రోజూ బస్సులో పోయి వస్తాడు. నేను ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. ఇంట్లో మాతో పాటు మా అత్త ఉంటుంది. మాకు ఒక్కతే కూతురు. పులివెందులలో మా అమ్మ వాళ్ళింట్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతోంది. వియత్నాం పోవాలన్న ఆలోచన ఆ పిల్లదే.

"పెళ్ళయినప్పటి నుంచి మీరిద్దరే యాడికన్నా పోయినారా మా?" అని ఒకరోజు ఫోన్లో అడిగింది.

తిరుమలకు పోయాం, అత్తతో. బెంగళూరుకు పోయాం, ఆడబిడ్డ ఆపరేషన్‌కు. ఇద్దరమే అంటే ఊళ్ళో సినిమాకు కూడా పోయిన గుర్తు లేదు. అదే చెబితే పిల్ల నవ్వింది. వాళ్ళ నాయనకు ఏం చెప్పి ఒప్పించిందో కానీ, కొన్నాళ్ళకు ఆయనే వచ్చి "సెలవు శాంక్షన్ అయింది, పోదాం" అన్నాడు.

టూరు బస్సులూ గుంపులూ వద్దని పిల్ల గట్టిగా చెప్పింది. వీపుకు తలా ఒక సంచి, చిన్న చిన్న లాడ్జీలు, ఊరి నుంచి ఊరికి రైలో బస్సో. వయసు పిల్లలు తిరిగినట్టు తిరగమంది. ఆ సంచులు చూసి అత్త "ఏందిరా ఇవి, మూటలు మోసేటోళ్ళ మాదిరి" అని ఈసడించింది. ఆయన తన సంచిని మంచం కిందికి నెట్టేశాడు. బయలుదేరే రోజు కూడా బస్టాండు దాకా దాన్ని వీపుకు వేసుకోలేదు, చేత్తోనే పట్టుకుని నడిచాడు. నాకన్నా పది అడుగులు ముందు. అది మామూలే.

హనోయిలో మొదటి ఉదయం రోడ్డు దాటాల్సి వచ్చింది. అక్కడ స్కూటర్లు ఎవరి కోసమూ ఆగవు. ఏటి నీళ్ళు రాయిని తప్పించుకుని పోయినట్టు మనిషిని తప్పించుకుని పోతాయి. నేను అంచున నిలబడిపోయాను. ఆయన వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. అవతలి పక్కకు చేరాక వదిలేస్తాడనుకున్నాను. వదల్లేదు. ఆ పాత బజారులో ఒక వీధంతా వెండి సామాన్లు, ఇంకో వీధంతా చెప్పులు, ఇంకో వీధంతా రేకు డబ్బాలు. "మన బంగారు అంగళ్ళ వీధి మాదిరే ఉంది సూడు" అంటూ నన్ను పేరు పెట్టి పిలిచాడు.

ఇంట్లో నా పేరు "ఏమే". ఒక్కోసారి అది కూడా ఉండదు, గొంతు సవరించుకుంటాడు, నేను వెళ్తాను. నా పేరు ఆయన నోట అంత తేలిగ్గా పలుకుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

అక్కడి నుంచి నిన్ బిన్ అనే పల్లెటూళ్ళ వైపు పోయాం. చుట్టూ వరిమళ్ళు, మళ్ళ మధ్యలో నుంచి నిట్టనిలువుగా లేచిన సున్నపురాతి కొండలు. మా వైపు కొండలు ఎండలో కాలి గుండు చేయించుకున్నట్టు ఉంటాయి. ఇవి పచ్చగా, నున్నగా, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని ఉన్నాయి. మేం దిగిన ఇంటావిడ తన వరండాలోని సైకిళ్ళు చూపించి తీసుకుపొమ్మని సైగ చేసింది. నేను వద్దన్నాను.

"ఎక్కు. నీకు వచ్చు గదా" అన్నాడు ఆయన.

"నాకొచ్చని నీకెవరు చెప్పినారు?"

"పెండ్లిచూపులకు పులివెందులకు వచ్చిన దినం, బస్టాండు కాడ సైకిల్ మీద పోతాంటివి. నువ్వే ఆ పిల్లవని ఇంటికి పోయినాక తెలిసింది. ఆ దినమే ఒప్పుకున్యా."

నేను సైకిల్ ఎక్కాను. కాళ్ళు మరచిపోలేదు. మళ్ళ మధ్య సిమెంటు బాట మీద ఆయన వెనక నుంచి గంట కొడుతూ వచ్చాడు. ఇద్దరమూ నవ్వాం. ఆ నవ్వులో ఉండగానే నాకు గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తలో స్కూలుకు పోవడానికి సైకిల్ అడిగితే ఈ మనిషే కదా, "ఆడపిల్ల సైకిల్ తొక్కేది మా ఇండ్లల్లో లేదు" అన్నది? దారిలో ఆ మాట అడగలేదు. ఎదురుగా బాతుల గుంపు వస్తోంది, ఆయన చంటిపిల్లాడిలా వాటితో మాట్లాడుతున్నాడు. అడగబుద్ధి కాలేదు.

హుయే వాళ్ళ పాత రాజధాని. మేం పోయినప్పుడు అక్కడ ముసురు. కోట చుట్టూ కందకం, లోపల గోడ తరవాత గోడ, సగం కాలి కూలిన రాజభవనాలు. గండికోట పక్కన ఉద్యోగం చేసే మనిషి కదా, ప్రతి గోడా తట్టి చూస్తూ, దీనికన్నా మన కోట రాయి గట్టిదని నాకు చెబుతూ నడిచాడు. ఆ వానలో తడిసి నాకు జ్వరం వచ్చింది.

లాడ్జి కింద హోటల్ వాళ్ళు వాళ్ళ జావ పంపారు. చేపల వాసన, నోట్లో పెట్టుకోలేకపోయాను. ఆయన కిందికి పోయాడు. చాలాసేపటికి గిన్నె పట్టుకుని వచ్చాడు. గంజి. మన గంజి. అన్నం మెత్తగా మెదిపి, ఉప్పు వేసి, నేను ఇంటి నుంచి తెచ్చిన నిమ్మకాయ ఊరగాయ కొంచెం అంచున పెట్టి. వంటింట్లోకి రానివ్వమని ఫోన్లో వాళ్ళ భాషలోకి మార్చి చూపించాడట.

"నువ్వే కాచినావా?"

"ఇంగెవరు కాస్తారు? చిన్నప్పుడు మా అమ్మకు బాగలేకపోతే ఇంట్లో వంటంతా నేనే గదా చేస్తాంటి."

పక్కన కూర్చుని, ఊది, స్పూనుతో తాపించాడు. నా బట్టలు తనే ఉతికి బాల్కనీలో ఆరేశాడు. చున్నీ రంగు పోతుందని దాన్ని విడిగా జాడించాడు. ఆ సంగతి ఆయనకు తెలుసునని కూడా నాకు తెలియదు.

గంజి తాగుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆయన జ్వరం వల్ల అనుకుని నుదురు తడిమాడు. జ్వరం కాదు, కోపం. పిల్ల మూడో తరగతిలో ఉన్నప్పుడు నాకు టైఫాయిడ్ వచ్చింది. అప్పుడు ఈయన "నాకు డ్యూటీ ఉంది, అంటుకుంటే కష్టం" అని హాల్లోకి పడక మార్చుకున్నాడు. జ్వరంతోనే లేచి నేను క్యారియర్ కట్టాను. అన్నేళ్ళూ నేను, పాపం మగవాళ్ళు, వాళ్ళకేం తెలుసు, ఎవరు నేర్పారు అని సర్దిచెప్పుకుంటూ వచ్చాను. ఆ లాడ్జి గదిలో ఆ సర్దుబాటు కాస్తా పోయింది. ఈయనకు అన్నీ తెలుసు. గంజి ఎంత పలచగా ఉండాలో కూడా తెలుసు.

అయినా నాకు ఆశ పుట్టింది. ఆ తరవాత హోయ్ ఆన్‌లో పసుపు గోడల వీధుల వెంట తిరిగిన రోజులన్నీ ఆ ఆశతోనే తిరిగాను. పొద్దున ఆయనే టీ తెచ్చేవాడు. "ఈ దినం ఏం తిందాం, నువ్వు చెప్పు" అనేవాడు. ఒక టైలర్ అంగడి ముందు బెంచీ మీద కూర్చుని ఇద్దరమూ వేయించిన చెనక్కాయలు తిన్నాం, ఆయన పొట్టు తీసి నా చేతిలో పోశాడు. ఇంత దూరం వచ్చిన తరవాతైనా మనిషి మారాడు, ఇక ఇలాగే ఉంటాడు అనుకున్నాను. నలభై ఏళ్ళు దాటిన దానికి అంత తెలివి తక్కువ ఉండకూడదు.

తిరిగి వచ్చేటప్పుడు బెంగళూరు నుంచి బస్సెక్కాం. కదిరి దాటినా నా సంచి కూడా ఆయన ఒళ్ళోనే ఉంది. నా తల ఆయన భుజం మీద ఉంది. పులివెందుల బస్టాండులో బస్సు ఆగినప్పుడు కూతురు మమ్మల్ని చూడడానికి వచ్చి, కిటికీలోంచి మా ఇద్దరినీ చూసి కళ్ళు పెద్దవి చేసింది. పిల్ల వెళ్ళిపోయిన కాసేపటికి ఆయన ఆఫీసులో పనిచేసే ఒకాయన అదే బస్సెక్కాడు.

"ఏం మామా, యాడి నుంచి?" అన్నాడు ఆ వచ్చినాయన.

మా ఆయన లేచాడు. నా సంచి నా ఒళ్ళో పెట్టాడు. పోయి ఆ వచ్చినాయన పక్కన కూర్చున్నాడు. ప్రొద్దుటూరులో దిగాక ఇద్దరూ మాట్లాడుకుంటూ ముందు నడిచారు. నేను వెనకాల వచ్చాను.

ఇంటికి రాగానే కుర్చీలో కూర్చుని గొంతు సవరించుకున్నాడు. నేను నీళ్ళు తెచ్చిచ్చాను. తాగి గ్లాసు కింద పెట్టాడు, పేపరు తీశాడు. మర్నాడు అన్నం తిన్న కంచం అక్కడే వదిలేసి లేస్తుంటే వంటింటి గడపలో నిలబడి మెల్లగా అన్నాను.

"ఆడ ఆ సైకిళ్ళామె ఇంట్లో నీ కంచం నువ్వే కడుక్కుంటివి గదా."

ఆయన హాలు వైపు, అత్త కూర్చున్న వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆడ మనల్ని ఎవరు జూస్తాండారు?"

అందులో కోపం లేదు, ఎగతాళి లేదు. చిన్నపిల్లకు లెక్క చెప్పినట్టు చెప్పి పోయాడు.

అంతటితో పోయినా బాగుండేది. ఒక ఆదివారం ఆయన ఆఫీసు వాళ్ళు నలుగురైదుగురు ఫోటోలు చూడడానికి వచ్చారు. నేను టీ తీసుకుపోయేసరికి హుయే కోట గురించి చెబుతున్నాడు. "నేను మొత్తం తిరిగినా," "నేను జూసినా" అంటున్నాడు. ఆ కథలో నేను లేను. ఆఖర్న వచ్చాను.

"ఈమెకు జరం వచ్చి ఆడ రెండు దినాలు వేస్ట్ అయిపాయప్పా. ల్యాకుంటే ఇంకో ఊరు జూస్తాంటి."

ట్రే పట్టుకుని నిలబడ్డాను. నవ్వుతూనే అన్నాను. "జరం వచ్చినప్పుడు గంజి కాచి తాపింది ఎవరో కూడా చెప్పు."

అందరూ ఆయన వైపు చూశారు. ఒకాయన "ఏం మామా, గంజి కాచినావా?" అని పకపకా నవ్వాడు.

మా ఆయన ముఖం ఎర్రబడింది. "నేనేంది, గంజి కాసేదేంది? హోటలోళ్ళు తెచ్చిచ్చినారు. జరంలో ఏందో కలవరిస్తాండె, అదే నిజమనుకుంటాంది." మళ్ళీ నవ్వులు. కప్పులు తీసుకుని నేను లోపలికి వచ్చేశాను.

మా కాపురంలో ఆయన నన్ను కసిరినవి ఉన్నాయి, ఒకసారి చెయ్యెత్తింది కూడా ఉంది. అవేవీ నాకు ఇంత లోతుగా తగల్లేదు. అవి ఆయన చేసిన చెడ్డ పనులు. ఇది ఆయన చేసిన మంచి పని. దొంగతనం బయటపడినట్టు దాన్ని చేయలేదని చెప్పుకున్నాడు. వాళ్ళు వెళ్ళాక వంటింట్లోకి వచ్చి "మంది ముందర అట్ల అడుగుతారా?" అన్నాడు. నేను గిన్నెలు తోముతున్నాను.

ఈ ఏడు మళ్ళీ సెలవులు వస్తున్నాయనగా ఒక ఉదయం, అత్త గుడికి పోయినప్పుడు, ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. నీలం గుమ్మటాల ఫోటోలు. సమర్‌ఖండ్, బుఖారా. నన్ను పేరు పెట్టి పిలిచాడు.

"ఈ సారి ఈడికి పోదామా? పాప ఉజ్బెకిస్తాన్ బాగుంటాదంటాంది. ఎండు ద్రాక్ష, పండ్లు, శానా దొరుకుతాయంట. నీకు ఇష్టం గదా."

ఆ ముఖం నాకు తెలుసు. బాతులతో మాట్లాడిన ముఖం. ఒక్క క్షణం, పోదాం అనబోయాను.

"నేను రాను" అన్నాను.

"ఏం? పోయినసారి నచ్చలేదా?"

"నచ్చింది. మళ్ళీ ఈ ఇంటికే గదా వచ్చేది."

ఆయనకు అర్థమైందో లేదో నాకు తెలియదు. గేటు చప్పుడైంది, అత్త వచ్చింది. ఆయన ఫోను జేబులో పెట్టుకుని హాల్లోకి పోయాడు.

కూతురు ఫోన్ చేసి నా మీద అరిచింది. "నాయన అడగడమే గొప్ప మా, నువ్వు కాదంటావేంది?" స్కూల్లో పనుందని అబద్ధం చెప్పాను. చివరికి ఆయన ఆఫీసు స్నేహితులు ఇద్దరితో కలిసి పోయాడు. సమర్‌ఖండ్ నుంచి వీడియో కాల్ చేశాడు. వెనక స్నేహితులు ఏదో అంటే గట్టిగా నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఇంట్లో ఆఫీసు వాళ్ళ ముందు నవ్వే నవ్వే, బాతుల దారిలో నవ్విన నవ్వు కాదు. నాకు కొంచెం ఊరటగా అనిపించింది, అలా అనిపించినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

ఆయన లేని ఆ రోజుల్లో అత్తా నేనూ వంటింట్లోనే కింద కూర్చుని తినేవాళ్ళం. ఒక మధ్యాహ్నం అన్నం కలుపుతూ అడిగింది. "నువ్వు యాల పోలే అమ్మీ? వాడు శానా బతిమలాడినాడంట గదా."

ఏం చెప్పను, కొడుకు మీద తల్లికి? "ఆడుంటే ఒక మాదిరి, ఈడుంటే ఒక మాదిరి అత్తా. నాతో కాదు" అన్నాను.

నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అన్నం ముద్ద చేతిలో పట్టుకునే చెప్పింది.

"మీ మామ కూడా అంతే. బ్రమ్మంగారి మఠానికి తిరనాలకు పోతే, సత్రంలో నా తల ఆయనే దువ్వుతాండె. అరటిపండు ఒలిచి చేతిలో పెడ్తాండె. తిరిగి ఊరి బస్సు దిగినాంక నేను ఎవరో, ఆయనెవరో."

మా మామ గురించి ఆ ఇంట్లో ఎవరూ అలాంటి మాట అనగా నేను వినలేదు. నేను కాపురానికి వచ్చేసరికే ఆయన అందరినీ వణికించే మనిషి.

"మరి నువ్వేం జేస్తాంటివి అత్తా?"

"ఏం జేస్తా? మళ్ళా తిరనాల ఎప్పుడొస్తాదా అని ఎదురు జూస్తాంటి." ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలి మింగి, నా వైపు చూడకుండా అంది. "నువ్వు పోవాల్సిండె. ఆ నాలుగు దినాలన్నా దక్కుతాండె."

ఆమె మజ్జిగ అడిగింది. పోశాను.