గ్లాసు మీద ఉండిపోయిన కాగితం

నాకు నోరెక్కువ, ధైర్యం తక్కువ. జెరాక్స్ షాపు పెట్టి పన్నెండేళ్ళయింది. కాపీ మసగ్గా వచ్చిందని ఎవరైనా నసిగితే ఉతికి ఆరేస్తాను. వీధిలో ఇద్దరు కొట్టుకుంటే మాత్రం షట్టరు సగం దించి లోపల కూర్చుంటాను. పోయిపోయి నా దగ్గరికే వచ్చింది ఒక్కకాపీ.

ఆ పేరు నేను పెట్టిందే. పంతొమ్మిదేళ్ళ పిల్ల. కంప్యూటర్ క్లాసుకు వెళుతూ మధ్యాహ్నం ఒక సర్టిఫికెట్ తెచ్చి, ఒక్క కాపీ అక్కా అనేది. కాపీని నా సొరుగులోనే దాచమనేది. అన్నీ ఒకేసారి తెచ్చి చావొచ్చుగా తల్లీ అని ఒకరోజు విసుక్కున్నాను. వాళ్ళ నాన్న ఆ కాగితాల ఫైలు బీరువాలో పెట్టి తాళం వేసి, రోజూ సాయంత్రం ఆరింటికి వచ్చి లెక్క చూసుకుంటాడట. తాళంచెవి వాళ్ళమ్మ చూడనట్టు పొయ్యి పక్కన వదిలేస్తుందట. అలా చెబుతూ చెయ్యి చాపితే జబ్బ మీద బెల్టు వాత కనపడింది. ఇక నేనేమీ అడగలేదు.

మా షాపు మేడ మీద లాయరమ్మ ఉంటుంది. ఇలాంటివాళ్ళ దగ్గర ఫీజు తీసుకోదు. వెళ్ళి కలవమన్నాను. పద్దెనిమిది నిండాక ఎక్కడుండాలో నీ ఇష్టమేనని ఆవిడ చెప్పింది. నా అంతట నేనే వెళుతున్నానని ముందే స్టేషన్లో రాసిచ్చి ముద్ర వేయించుకోవాలి. అప్పుడు తండ్రి తప్పిపోయిందని ఫిర్యాదు ఇచ్చినా బలవంతాన అప్పగించరు. కొట్టాడు కాబట్టి, దగ్గరికి రాకుండా కోర్టులో ఉత్తర్వు కూడా అడగొచ్చు. హాస్టల్లో మంచం మాట్లాడతానంది. వయసు రుజువొక్కటే తక్కువ.

ఆ రోజు పుట్టిన సర్టిఫికెట్ తెచ్చింది. కాపీ బయటికొస్తుండగా రోడ్డుకు అవతల స్కూటరు ఆగింది. మా నాన్న, అంది పిల్ల. కాపీ లాక్కుని వెనక తలుపు గుండా పరిగెత్తింది. అసలు కాగితం మిషన్లోనే ఉండిపోయింది.

అతను నెమ్మదిగా లోపలికొచ్చి, మా అమ్మాయి ఇటొచ్చిందా అని అడిగాడు. చాలామంది వస్తారండీ అన్నాను. లైసెన్సు తీసి కాపీ ఇమ్మన్నాడు. ఇంకు అయిపోయిందన్నాను.

"లైటు వెలుగుతోందిగా," అని మూత మీద చెయ్యి వేయబోయాడు.

నేనే ఎత్తాను. కాగితం బోర్లా ఉంది కాబట్టి తెల్లటి వీపే కనపడింది. పాడైన కాగితమండీ అంటూ చిత్తుల కింద తోసేశాను. తొందరలో లైసెన్సు కాపీ వంకరగా వచ్చింది. అతను దాన్ని చూశాడు, నన్ను చూశాడు, మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు.

నాలుగున్నరయింది. షట్టరు దించి, లాయరమ్మను వెంటబెట్టుకుని క్లాసుకు వెళ్ళాను. కాగితం చూడగానే ఒక్కకాపీ నా చేతులు పట్టుకుంది.

"ఇచ్చెయ్ అక్కా. ఆరింటిలోపు బీరువాలో పెట్టేస్తాను. లేకపోతే అమ్మని కొడతాడు."

"నీ పుట్టిన కాగితం నువ్వు దొంగతనంగా పెట్టడమేంటే?" అన్నాను. ఆయనకు అనుమానం వచ్చింది, ఇవాళే స్టేషన్‌కు పోదామన్నాను. అమ్మ సంగతీ స్టేషన్లో ఇచ్చే లెటర్లోనే రాద్దాం, స్టేషన్ వాళ్ళనే ఇంటికి పంపమందాం అంది లాయరమ్మ. ఆ పిల్ల గోడకానుకుని చాలాసేపు ఏడ్చి, సరేనంది.

స్టేషన్లో ఎస్సై ఆ లెటరు చదువుతుండగానే వాళ్ళ నాన్న వచ్చాడు. కూతురు కనపడటం లేదని చెప్పబోయి మమ్మల్ని చూశాడు. తేనె పూసినట్టు, "రామ్మా, ఇంటికెళ్దాం," అన్నాడు. ఎస్సై వయసెంతని అడిగితే పిల్ల కాగితం ముందుకు తోసింది. ఆయనతో వెళతావా అని అడిగాడు. పిల్ల నా కొంగు గుప్పిట్లో పట్టుకుంది.

"వెళ్ళను సార్," అంది చివరికి, వినీ వినపడనట్టు.

ఎస్సై ముద్ర వేశాడు. మేజర్ని బలవంతాన పంపడం కుదరదని అతనికి చెప్పి, వాళ్ళింటికి వెళ్ళి తల్లితో మాట్లాడి రమ్మని లేడీ కానిస్టేబుల్‌ని పంపాడు. అతను లేచి నా పక్కనుంచి వెళుతూ, ఎస్సైకి వినపడకుండా అడిగాడు.

"షాపు ఎన్నింటికి మూస్తారండీ?"

వినపడనట్టు ఊరుకుందామనుకున్నాను, నా అలవాటే అది. కానీ ఇందాక వెళ్ళను అనడానికే ప్రాణం మీదికి వచ్చిన పిల్ల, స్టేషనంతా వినపడేలా, "సార్, మా నాన్న అక్కని బెదిరిస్తున్నాడు. అది కూడా రాసుకోండి," అంది.

ఎస్సై నా ముందు తెల్లకాగితం పెట్టాడు. ఏమన్నాడో అదే రాయక్కా అంటూ ఒక్కకాపీ నా పక్కన కూర్చుంది. రాశాను. వాళ్ళమ్మ వారం తర్వాత హాస్టలుకు వచ్చి కూతుర్ని చూసింది.

నేను మాత్రం ఇప్పటికీ చీకటి పడకముందే షట్టరు దించేస్తున్నాను. స్కూటరు ఆగిన చప్పుడైతే చాలు, ముందు మూత ఎత్తి గ్లాసు చూసుకుంటాను.