మూడుసార్లు వడగట్టిన సూప్

శాకాహారి అనగానే జనం కరుణ, నిగ్రహం, సాత్వికత లాంటి పెద్ద పెద్ద మాటలు తెచ్చి తగిలిస్తారు. ఈ లిఫ్టు మెకానిక్కుకీ కాలనీవాళ్లు అవన్నీ తగిలించారు. ఇరవై ఏళ్లుగా మాంసం ముట్టడు, బయట టీ కూడా తాగడు, తన వంట తనే చేసుకుంటాడు. పక్కింటావిడకి మొగుణ్ణి దెప్పాలంటే ముందు ఈయనే గుర్తొస్తాడు. పొగిడితే ఆయన కాదనడు. కాదంటే కారణం చెప్పాల్సొస్తుంది.

పనిలో మాత్రం ఆయన పేరు ఆకులాయన. మధ్యాహ్నం క్యారియర్ మూత తియ్యగానే ఎలక్ట్రీషియన్, "బావా, ఇవాళ ఏ గడ్డి?" అంటాడు. "నీకు పడదులే, నెమరెయ్యడం రావాలి" అని ఈయన జవాబు. అసలు సంగతి తెలిసిన మనిషి లోకంలో ఆ ఎలక్ట్రీషియన్ ఒక్కడే. ఏనాడూ ఆ ఊసెత్తలేదు.

ఆ సంగతి ఇదీ. ఒకప్పుడు ఆయన ఇంట్లో కూరగాయలు, బయట మాంసం తినే మనిషి. భార్యకి ఎక్కడైనా ఒకటే తిండి. బుద్ధెరిగాక గుడ్డు కూడా నోట పెట్టలేదు. ఆవిడ మంచాన పడినప్పుడు డాక్టరు బలమైన ఆహారం ఇమ్మన్నాడు. ఆవిడ ససేమిరా అంది. మణికట్టు మీది వాచీ మోచేతి దాకా జారిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాడు. తొమ్మిదంతస్తుల భవనం పైన, లిఫ్టు మోటారు గదిలో, ఎలక్ట్రీషియన్ ఇచ్చిన కరెంటు పొయ్యి మీద ఎముకలు ఉడకబెట్టాడు. ఇంట్లో వండితే ఆవిడ గిన్నెలు పాడవుతాయట! ఆ నీళ్లు గుడ్డలో మూడుసార్లు వడగట్టి, క్యారెట్, బీన్స్, మిరియాలు వేసి మరిగించి, ఫ్లాస్కులో ఇంటికి తెచ్చేవాడు. కూరగాయల సూప్ అని చెప్పి ఆవిడ కప్పులోనే పోసి ఇచ్చేవాడు.

"మీకు చెయ్యి తిరిగిందే" అందావిడ. నలభై రోజులు తాగింది. ఆ తర్వాత పోయింది.

ఆ వారమే ఆయన మాంసం మానేశాడు. వంట మీద పడ్డాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఒకటే పని: అదే రుచిని ఒట్టి కూరగాయల్లోంచి రప్పించడం. ఒక్కసారి వస్తే చాలు, తను ఆడిన అబద్ధం కనీసం సాధ్యమయ్యేదేనని తేలుతుంది. ఉల్లిపాయలు నల్లగా మాడ్చాడు, పుట్టగొడుగులు మేడ మీద ఎండబెట్టాడు, టమాటా గుజ్జు కావాలని అడుగంటించాడు, బార్లీ వేయించి దంచాడు. ఈ యావలో పడి నిజంగానే మంచి వంటవాడయ్యాడు. కానీ గరిట నోటి దగ్గర పెట్టుకున్నప్పుడల్లా ముందుగదిలో ఎవరో లేచి కూచున్నట్టు మంచం కిర్రుమంటుంది. ఆవిడ పడుకున్న ఆ మంచం ఎప్పుడో అమ్మేశాడు. తొంగి చూడ్డం కూడా మానేసి చాలా కాలమైంది. మోటారు గదిలో గ్రీజు తప్ప మరో వాసన ఉండదు. అయినా అక్కడ నోటితో ఊపిరి పీల్చుకుంటూ పని కానిస్తాడు.

తల్లి పోయేనాటికి కూతురికి ఎనిమిదేళ్లు. తల్లి దారే పట్టింది. ఆఫీసులోనైనా, అత్తగారింట్లోనైనా "మా అమ్మ ముట్టలేదు, నేనూ ముట్టను" అని తేల్చి చెప్పే రకం. ఈ మధ్య విషజ్వరం తగ్గాక బలం పుంజుకుందామని పుట్టింటికొచ్చింది. నోరు చేదంటూ ఏది పెట్టినా తోసేస్తోంది. నాలుగోరోజు పొద్దున తనే అడిగింది.

"నాన్నా, అమ్మకి తెచ్చేవాడివి చూడు, ఆ సూప్ చెయ్యవా?"

అదెలా ఉండేదో నీకేం తెలుసన్నాడు ఆయన, కూరగాయలు తరుగుతున్న కత్తి ఆపి. అమ్మ రోజూ సగం తనకి పోసేదనీ, నాన్నకి చెప్పొద్దనేదనీ చెప్పి నవ్వింది కూతురు.

అబద్ధం రెండు నోళ్లలోకి వెళ్లిందని ఆయనకి తెలిసింది అప్పుడే. ఆ రుచి ఎరిగిన నాలుక ఇంకొకటి భూమ్మీద ఉందనీ అప్పుడే తెలిసింది. ఇది అదేనని పిల్ల అంటే ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్లలో నేర్చిందంతా ఆ గిన్నెలో పెట్టాడు.

భోజనాల బల్ల దగ్గర కూతురు రెండు చెంచాలు తాగింది. కళ్లు మూసుకుని మూడోది తాగింది.

"బావుంది నాన్నా. కానీ ఇది అది కాదు."

ఏం తక్కువైందని అడిగాడు.

"అది తాగితే పెదాలు అతుక్కునేవి. చల్లారితే పైన తెట్టు కట్టేది. అమ్మ ఆ తెట్టు వేలితో తీసి, కిటికీ దగ్గర వెలుతురులో చూసుకునేది."

"చూసి ఏమనేది?"

"ఏమీ అనేది కాదు. వేలు తుడుచుకుని మిగతాది తాగేసేది."

ముందుగదిలో ఏ చప్పుడూ లేదు. చప్పుడైతే బావుండుననిపించింది ఆయనకి.

"అందులో ఎముకలుండేవమ్మా" అన్నాడు.

కూతురు చెంచా కింద పెట్టలేదు, పైకెత్తలేదు. మోటారు గది, పొయ్యి, గుడ్డ, ఫ్లాస్కు అన్నీ వరసగా చెప్పాడు, ఎవరో రాసిచ్చింది చదువుతున్నట్టు. ఆవిడ తెలిసే తాగిందేమో అన్న మాట మాత్రం అనలేకపోయాడు. అది తన తప్పుని చులకన చేసుకోవడమవుతుంది.

కూతురు తన ముందున్న గిన్నెలోకి చూసింది.

"మరి ఇందులో?"

"లేవు."

"ఒట్టా?"

"ఒట్టు."

అమ్మతోనూ ఇంత మామూలుగానే చెప్పి ఉంటావు కదూ అని అడిగింది. కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. అవునన్నాడు.

కూతురు లేచి, నీరసంగా గోడ పట్టుకుంటూ వంటింట్లోకి నడిచింది. పొయ్యి మీది గిన్నె మూత తీసిన చప్పుడైంది. తర్వాత గరిట అడుగున గీరుకుంటూ తిరగడం వినిపించింది. మెల్లగా, ఒక వైపు నుంచి ఇంకో వైపుకి, ఏదో దొరకాల్సి ఉన్నట్టు. ఒకసారి ఆగింది. మళ్లీ మొదలైంది.