కూర్మయ్య కొన్న వీణ

బొబ్బిలి పక్క ఊళ్ళో వీణలు చేసే కూర్మయ్య, అరవైకి దగ్గర పడుతున్న వయసులో, డబ్బు పోసి ఒక వీణ కొన్నాడు. మిఠాయి కొట్టువాడు పక్క కొట్లో లడ్డూలు కొనుక్కున్నట్టుందని ఊళ్ళో నవ్వారు. నవ్వరా మరి? కానీ నవ్వినవాళ్ళకి ఆ ఇంటి సంగతి తెలియదు. ఆ ఇంట్లో తయారైన వీణ ఏదీ ఇంట్లో నిలవదు. పలికితే చాలు, అమ్మేయాల్సిందే. తాత జగన్నాధం జన్మంతా వీణలు చేశాడు. ఆయన చేతి పనిలో ఒక్క బిరడా కూడా మనవడికి మిగల్లేదు.

ఇప్పుడు కూర్మయ్య చేసేవి చాలావరకు బహుమతి వీణలు. మూరెడు పొడవుంటాయి. సన్మాన సభల్లో శాలువా కప్పి, అద్దాల పెట్టెలో పెట్టి చేతికిస్తారు. తీగలుంటాయి గానీ పలకవు. నిజమైన పెద్ద వీణ ఏడాదికి ఒకటి చేస్తే గొప్ప. అది చేసేటప్పుడల్లా ఆయనకి ఒకటే దిగులు. పనస దుంగని తొలిచి కుండ చేసేటప్పుడు లోపల చెక్క ఎక్కడ ఎంత మందం ఉంచాలి? తాత వీణ మీటితే నాదం గుక్క తిప్పుకోకుండా సాగేదని తండ్రి చెప్పేవాడు. ఆ కిటుకు తండ్రికి అందకముందే తాత పోయాడు. తండ్రి చేతిలో అది సగమైంది, కూర్మయ్య చేతిలో పావైంది. కొనేవాళ్ళకి ఆ తేడా తెలియదు. తెలియకపోవడమే ఆయనకి మరింత బాధ.

కూతురు శ్రావణి విజయనగరంలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఒక ఆదివారం ఇంటికొచ్చి, ఫోనులో ఒక బొమ్మ చూపించింది. జర్మనీలో ఒక వేలం సంస్థ అమ్మకానికి పెట్టిన పాత వీణ అది.

కూర్మయ్య కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. ఫోనుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. దండి చివర చెక్కిన యాళి తల దగ్గర ఆగిపోయాడు. తాతది ఎడమ చేతివాటమని తండ్రి చెప్పేవాడు. ఆయన ఉలి గీతలన్నీ అందరివీ వాలే వైపుకి కాకుండా రెండో వైపుకి వాలుతాయి. యాళి జూలులో ఆ గీతలు అలాగే ఉన్నాయి.

"ఇది మా తాతదే. ఎంతకిస్తాడట?" అన్నాడు.

"ఇది సంత కాదు నాన్న. పాట పాడాలి."

"అయితే పాడు."

భార్య తులసి వంటింట్లోంచే కేకేసింది. "ఏ డబ్బులెట్టి పాడతావు మావా? దుంగల డబ్బులెట్టా?"

అవును, దుంగల డబ్బు పెట్టే. ఏడాదికి సరిపడా పనస దుంగలు కొందామని దాచినదంతా ఆ పాటకి సిద్ధం చేశాడు. తాత వీణ ఇంటికొస్తే, కుండని మూసే పై పలక విప్పి, లోపల చెయ్యి పెట్టి తడిమితే, ఆ మందం బొటనవేలికి తెలిసిపోతుంది. ఆ తర్వాత చేసే వీణ పలుకుతుంది. అప్పుడు దుంగలకి డబ్బు ఎలాగో అలా వస్తుందని ఆయన లెక్క. పనివాడి లెక్క అది, తప్పు పట్టలేం.

పాటలో వీణ ఆయనకే దక్కింది. అనుకున్నదానికన్నా తక్కువకే. ఆ సాయంత్రం తులసి కూడా మెత్తబడి, దేవుడి దగ్గర దీపం పెట్టి బెల్లం ముక్క పంచింది.

మర్నాడు బిల్లు వచ్చింది. పాడిన ధర మీద కొన్నవాడు సంస్థకి కట్టాల్సిన రుసుము పావు వంతు పైన. ఆ రుసుము మీద పన్ను. డబ్బు దేశం దాటినందుకు బ్యాంకు కోత. చెక్కపెట్టె చేయించడానికి వేరే, ఓడకి వేరే, బీమాకి వేరే. ఇవన్నీ ముందే రాసి ఉన్నాయట, నిబంధనల పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో. శ్రావణి చదివింది గానీ ఇంత అవుతుందనుకోలేదు. తులసి చెవి కమ్మలు తీసి కూతురి చేతిలో పెట్టింది. ఇంతవరకూ జరిగింది ఎవరికైనా జరిగేదే. డబ్బుతో పోయేదే. అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది, అదీ ఆయన నోటితోనే.

పెట్టెలో సర్దేముందు సంస్థవాళ్ళు వివరాలు సరిచూసుకోమని పంపారు. శ్రావణి చదివి చెప్పింది. పనస చెక్క, లోహపు మెట్లు, పలక చుట్టూ ఎముక పట్టీ.

"ఏటే అది? మళ్ళీ సదువు."

"ఎముక నాన్న. పలక సుట్టూ తెల్లగా ఉన్నాది సూడు, అది."

కూర్మయ్య ముఖం నల్లబడింది. వీణ పుట్టే పాకలోకి ఎముక గడప దాటి రాకూడదని వాళ్ళ ఇంటి కట్టడి. దుంగకి పసుపు రాసి, దండం పెట్టుకుని గానీ ఉలి వేయరు. మాంసం తిన్న రోజు పాక తలుపు తీయరు. అలాంటి పాకలో కూర్చుని జగన్నాధం వీణకి ఎముక అతికాడా? ఆ రోజుల్లో పెద్దింటివాళ్ళు వీణ చేయించుకుంటే ఏనుగు దంతం వాళ్ళే పంపేవారు. అది శుభం. ఎముక మైల. ఈ తేడా జర్మనీవాడికి ఎలా తెలుస్తుంది?

"రాయి. ఎముక కాదు, ఏనుగు దంతం, మా తాత ఎముక ముట్టినోడు కాదు అని రాయి."

శ్రావణి రాసింది, వివరంగా, మర్యాదగా, మంచి ఇంగ్లీషులో. తాత పేరు కూడా పెట్టింది. ఇద్దరూ అది పంపించి, మంచి పని చేశామనుకున్నారు.

ఆ మాటతో వీణ ఆగిపోయింది. విశాఖపట్నం హార్బరు దగ్గర సరుకు విడిపించే ఆఫీసులో పనిచేసే ఎల్లాజీ కూర్మయ్యకి వరసకి బావ. విషయం తెలిసి ఫోను చేశాడు.

"బావా, ఏనుగు దంతం మన దేశంలోకి రానివ్వరు. ఎంత కట్టినా రానివ్వరు. ఎముక అని వాళ్ళే రాసినారు కదా, నువ్వెందుకు సెప్పినావు?"

"నిజమే కదా సెప్పినాను."

"నిజమే బావా. అదే ఇప్పుడు కొంప ముంచినాది."

ఆ రోజంతా కూర్మయ్య పాకలోకి వెళ్ళలేదు. మూడో నాటికి అన్నం ముందు కూర్చుని, కూతురికి ఫోను కలపమన్నాడు.

"ఎముకేనని రాయవే. ముసిలోడు తెలీక సెప్పేసినాడని రాయి."

తులసి వడ్డిస్తున్న గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఆ ఇంట్లో ఆ మాట అంతకుముందు ఎవరూ అనలేదు, ఇక ముందు అనరు. అలాంటి మాటని మింగి మరీ అన్నాడు పాపం. అంత మింగినా దానివల్ల ఒరిగింది శూన్యం. సంస్థవాళ్ళు అప్పటికే పరీక్ష చేయించేశారు. దంతమేనని తేలింది. ఆ పరీక్ష ఖర్చు కూడా కొన్నవాడిదేనట, నిబంధనల్లో ఉందట.

ఇక అన్ని తలుపులూ తట్టారు. అనుమతి రాకపోయినా అమ్మకం రద్దు కాదన్నారు. దంతం తీసేసి పంపమంటే, లక్కతో అతికిన పట్టీ పెళ్ళగిస్తే పలక చీలొచ్చు, ఆ పని చేసే మనిషి కూలి వీణ ధర కంటే ఎక్కువ అన్నారు. తిరిగి అమ్మిపెట్టమంటే, దంతమని తెలిశాక తామూ అమ్మలేమన్నారు. కుండ మందమైనా కొలిచి చెప్పమంటే, స్కానింగ్ తీయాలి, దానికి వేరే రుసుమన్నారు. కొలిచినా ఏం లాభం, ఒక చోట ఉన్న మందం వేలెడు దూరంలో ఉండదు. వదిలేసుకుంటానంటే అక్కడి ప్రభుత్వానికి అప్పగిస్తామన్నారు. వాళ్ళు దాన్ని ఏం చేస్తారో చెప్పలేమన్నారు. ఈలోగా గోదాము అద్దె నెల నెలా వస్తోంది. బహుమతి వీణల మీద వచ్చే నాలుగు డబ్బుల్లో కొంత దానికే పోతోంది. తిట్టడానికైనా ఎవరూ దొరకరు. అందరూ మర్యాదగానే మాట్లాడతారు. మనం తప్పు చేస్తే దిద్దుకోవచ్చు, నిజం చెబితే ఏం చేసి దిద్దుకుంటాం?

చివరికి శ్రావణి బతిమాలి ఒక్కసారి వీడియోలో చూపించమని ఒప్పించింది. ఒక మధ్యాహ్నం ముగ్గురూ పాకలో దుంగ మొద్దు మీద ఫోను ఆనించి కూర్చున్నారు. తెర మీద ఒక నడివయసు ఆవిడ, చేతులకి తొడుగులు వేసుకుని, గోదాము నడవలో నడుస్తూ నవ్వుతూ పలకరించింది. ఒక ఇనప అర ముందు ఆగి ఫోను తిప్పింది.

వీణని చీపురుకట్టలా మూలకి ఆనించి నిలబెట్టారు. కుండ బరువంతా కింద, యాళి తల గోడకి.

కూర్మయ్య లేచి నిలబడ్డాడు. "అలా నిలబెట్టకూడదు. పడుకోబెట్టమను."

శ్రావణి అడిగింది. ఆవిడ జాలిగానే ఏదో చెప్పింది. శ్రావణి ఆ మాట తెలుగులో చెప్పడానికి తటపటాయించింది.

"పడుకోబెడితే సోటెక్కువ పడతాదట నాన్న. అద్దె రెట్టింపు అంటన్నారు."

"నిలబెట్టి ఉంచితే దండి ఒంగిపోద్ది. ఇంక పలకదది."

"అది మనకి రాదు కద నాన్న. పలికితే మనకేటి, పలక్కపోతే మనకేటి?"

కూర్మయ్య తులసి వైపు చూశాడు. ఆవిడ తల వంచుకుని చీర కొంగుకి అంటిన చెక్కపొట్టు దులుపుకుంటోంది. వద్దని మాత్రం అనలేదు.

"పడుకోబెట్టమని సెప్పు," అన్నాడు.

శ్రావణి చెప్పింది. గోదాములో ఆవిడ ఫోనుని అర మీద పెట్టి, వీణ ఎత్తడానికి అవతలికి వెళ్ళింది. తెర మీద తెల్ల గోడ తప్ప ఏమీ కనబడలేదు. ఎక్కడో చెక్క కదిలిన చప్పుడైంది. కూర్మయ్య ఆ గోడకేసి రెండు చేతులూ చాపి, "మెల్లగమ్మా, మెల్లగ" అంటున్నాడు, తెలుగులో.